ఫోర్క్ ముందా, నైఫ్ ముందా

శనివారం, రెడింగ్, ఇంగ్లండు

ఇల్లు మారే హడావిడి. పొద్దున్నుంచీ వంటింటి సామానంతా అట్టపెట్టెల్లోకి ఎక్కిస్తున్నాం. ఈయన మార్కర్ పట్టుకుని ఏ పెట్టెలో ఏముందో పైన రాస్తున్నారు. ఒకదాని మీద ‘ఫోర్క్స్ అండ్ నైవ్స్’ అని రాశారు. అది చూసి మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "అలా ఎవరైనా అంటారా డాడీ?" అంటూ కొట్టేసి, కింద ‘నైవ్స్ అండ్ ఫోర్క్స్’ అని రాసింది.

"లోపలున్నవి అవే కదే!"

"అవే. కానీ అలా అనరు."

ఎందుకనరో చెప్పవే అంటే మాత్రం చెప్పలేకపోయింది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల, దానికి చెవే వ్యాకరణం.

మన గ్రామర్ పుస్తకాల్లో ‘అండ్’కి దక్కేది ఒక్క లైను. కంజంక్షన్, రెండు సమానమైన మాటల్ని కలుపుతుంది, అయిపోయింది. సమానమే అయితే ఎటు తిప్పినా ఒకటే కావాలి. ఈ దేశంలో ‘బటర్ అండ్ బ్రెడ్’ అన్నవాళ్ళు నాకింకా తగల్లేదు. ఫిష్ అండ్ చిప్స్ కొట్టుకి వెళ్తే చిప్స్ మీద చల్లే ముందు "సాల్ట్ అండ్ వినెగర్?" అని అడుగుతారు. వినెగర్ ముందు పోసే చేతులు కూడా నోటితో మాత్రం సాల్టే ముందంటాయి.

దీని మీద పెద్దవాళ్ళు చాలానే రాశారు. యాకొవ్ మాల్కీల్ అనే భాషావేత్త 1959లో ఈ జంటలకి ‘ఇర్రివర్సిబుల్ బైనామియల్స్’ అని పేరు పెట్టాడు, అంటే తిరగేయడానికి వీల్లేని జంటలని. ఆ తర్వాత 1975లో కూపర్, రాస్ అనే ఇద్దరు, ఏ మాట ముందుకొస్తుందో, ఎందుకొస్తుందో కారణాలు వెతికారు. అందులో ఒకటి, పొట్టి మాట ముందు, పొడుగు మాట వెనక. సాల్ట్ అండ్ పెప్పర్, బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, టర్మ్స్ అండ్ కండిషన్స్, ఆఫీసులో ప్రాణం తీసే హెల్త్ అండ్ సేఫ్టీ, అన్నీ దీని కిందికే వస్తాయి. ఈ సూత్రానికి వాళ్ళు పెట్టిన పేరు పాణిని సూత్రం! పాణిని రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో ‘అల్పాచ్తరమ్’ అని ఒక చిన్న సూత్రం ఉంది. ద్వంద్వ సమాసంలో అచ్చులు తక్కువున్న మాట ముందు రావాలని. జువ్విచెట్టునీ మర్రిచెట్టునీ కలిపి చెప్పాలంటే ‘ప్లక్షన్యగ్రోధౌ’. ప్లక్షలో అచ్చులు రెండు, న్యగ్రోధలో మూడు. సంస్కృతం కోసం రాసిన మాట, రెండున్నర వేల ఏళ్ళ నాటిది, ఉప్పూ మిరియాల పొడి దగ్గర ఇంగ్లీషుకి సరిపోయింది.

అయితే నైఫ్‌కీ ఫోర్క్‌కీ చెరో అచ్చే. మా ఇంటి తగాదా మాత్రం పాణిని కూడా తీర్చలేడు. పైగా పిల్లలు బీచ్‌కి పట్టుకెళ్ళే ‘బకెట్ అండ్ స్పేడ్’లో పొడుగు మాటే ముందుంది. ఇది పోలీసు చట్టం కాదు, మొగ్గు మాత్రమే.

మధ్యాహ్నం సొరుగు ఖాళీ చేస్తుంటే పాస్‌పోర్టులు దొరికాయి. లోపల రాష్ట్రపతి పేరు మీద ఉండే ఆ నాలుగు లైన్లు ఎవరూ చదవరు. నేను నేలమీద కూచుని చదివాను, సర్దుడు తప్పించుకోడానికి అంతకంటే గౌరవమైన సాకు దొరకలేదు. ఒకే వాక్యం, అందులో జంటలే జంటలు. ‘రిక్వెస్ట్ అండ్ రిక్వైర్’, ‘లెట్ ఆర్ హిండ్రెన్స్’, ‘అసిస్టెన్స్ అండ్ ప్రొటెక్షన్’. ఈ నడిమి జంట భలే చిత్రమైనది. ఇప్పుడు లెట్ అంటే పోనివ్వడం. ఇక్కడ మాత్రం అడ్డుపడటం. పాత ఇంగ్లీషులో అలాంటి మాట వేరే ఉండేది, చచ్చిపోయింది. హిండ్రెన్స్ చెయ్యి పట్టుకుని ఉండబట్టి ఇందులో మిగిలింది. ‘కిత్ అండ్ కిన్’లో కిత్, ‘టు అండ్ ఫ్రో’లో ఫ్రో కూడా ఇలాగే బతుకుతున్నాయి. మన పిల్లాజెల్లాలో జెల్లా, కూలీనాలీలో నాలీ విడిగా ఎక్కడైనా కనిపిస్తాయా?

లాయర్ల భాషలో ఈ జంటల జాతర ఇంకా ఎక్కువ. 1066లో నార్మన్లు వచ్చాక ఇంగ్లండు కోర్టుల్లో లాటిన్, ఫ్రెంచి రాజ్యమేలాయి. కోర్టు వాదనలు ఇంగ్లీషులోనే జరగాలని 1362లో శాసనం తెచ్చినా ఆ అలవాటు వెంటనే పోలేదు. అందుకే ఒకే సంగతికి రెండేసి మాటలు పక్కపక్కన నిలబడిపోయాయి. ‘విల్ అండ్ టెస్టమెంట్’లో విల్ ఇంటి మాట, టెస్టమెంట్ లాటిన్ నుంచి దిగింది. ‘గూడ్స్ అండ్ చాటెల్స్’లో గూడ్స్ ఇక్కడిది, చాటెల్స్ ఫ్రెంచివాళ్ళది. కాకపోతే ‘నల్ అండ్ వాయిడ్’ లాంటి వాటిలో రెండూ బయటి నుంచి వచ్చినవే. అక్కడ ఏ అవసరమూ లేదు, చదవడానికి గంభీరంగా ఉంటుందని తప్ప.

నాలుగింటికి ఈ అద్దె ఇంటి ఏజెన్సీ తరఫున చెకౌట్ కోసం, అంటే ఖాళీ చేసే ఇల్లు ఎలా ఉందో చూసుకోడానికి, ఒకావిడ వచ్చింది. చేతిలో టాబ్లెట్, ప్రతి మూలా ఫొటో. నాకు ఒకటే టెన్షన్. డిపాజిట్ అంటే ఐదు వారాల అద్దె. 2019 చట్టం మామూలు ఇళ్ళకి అంతకు మించి తీసుకోనివ్వదు కాబట్టి అంతే, లేకపోతే ఎంత అడిగేవాళ్ళో. హాల్లో సోఫా కోళ్ళ కింద కార్పెట్ నొక్కుకుపోయింది. ఆవిడ వంగి చూసి "వేర్ అండ్ టేర్" అంది. గుమ్మం దగ్గర కార్పెట్ నూగు పోయి పలచబడింది. "వేర్ అండ్ టేర్." మామూలుగా కాపురం చేస్తే అయ్యే అరుగుదల అని అర్థం, దానికి డబ్బులు పట్టుకోకూడదు. టేర్ అంటే చిరగడం కదా, కార్పెట్ ఎక్కడా చిరగలేదు. అయినా ప్రాస కుదిరింది కాబట్టి ఆ మాట అక్కడే ఉండిపోయింది. స్టవ్ పక్కన బండ మీద పసుపు మరక దగ్గర మాత్రం ఏమీ అనకుండా మూడు ఫొటోలు తీసుకుంది.

వెళ్తూ వెళ్తూ "కొత్తిల్లు నైస్ అండ్ క్లోజ్ కదా" అంది. ఇదింకో తమాషా. ఇక్కడ ‘నైస్’కి మంచిదని అర్థం లేదు, ‘అండ్’ దేన్నీ కలపడం లేదు. బాగా దగ్గరని చెప్పడానికి నైస్ అండ్ క్లోజ్, టీ వేడిగా ఉంటే నైస్ అండ్ హాట్. తిరగేసి ‘హాట్ అండ్ నైస్’ అంటే ఇక అది వేరే మాట.

రాత్రి కొత్త అద్దె ఒప్పందం చదువుతున్నాం. పైన ఈయన పేరు, కింద నాది. ‘హస్బెండ్ అండ్ వైఫ్’ జంటలో పొడుగు మాట ముందు, పొట్టి మాట వెనక. అంటే చెవి మొగ్గుని కూడా మొగుడు దాటేశాడన్నమాట. మనకి ఆలుమగలు, భార్యాభర్తలు, తల్లిదండ్రులు. పాణిని సూత్రానికి ‘అభ్యర్హితం చ’ అని ఒక వార్తికం, అంటే తర్వాత చేర్చిన వివరణ, కూడా ఉంది, ఎక్కువ పూజ్యులు ముందు రావాలని. దానికి ఇచ్చే ఉదాహరణ ‘మాతాపితరౌ’. ఇది ఈయనకి చదివి వినిపిస్తే "రాత్రి పదింటికా ఇవన్నీ?" అన్నారు.

ఆరో పేజీలో ‘జాయింట్లీ అండ్ సెవెరల్లీ’ తగిలింది. నల్ అండ్ వాయిడ్ లాంటి ఉత్త అలంకారం కాదిది, రెండు మాటలూ పని చేస్తాయి. అద్దె ఇద్దరూ కలిసి కట్టాలి, ఒకరు కట్టకపోతే మొత్తం రెండోవాళ్ళ మెడకి చుట్టుకుంటుంది.

"అంటే నువ్వు కట్టకపోతే అంతా నేనే కట్టాలా?" అన్నారు.

"మీరు కట్టకపోయినా అంతేనండీ. ముందు సంతకం పెట్టండి, పేరు ముందున్నది మీదే."