తొమ్మిది నిమిషాల లెక్క

బుధవారం, సాయంత్రం

మా ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం మీద జనం సగటున 9 నిమిషాలు ఉంటున్నారని వాడకం లెక్కలు చూపే డాష్‌బోర్డు చెబుతోంది. ఎంగేజ్‌మెంట్, అంటే జనం ఆసక్తిగా వాడే తీరు, బాగుందని రాసేసుకోవచ్చు. కానీ ఫారం నింపుతూ హాయిగా కాలక్షేపం చేసేవాళ్లెవరు? అక్కడ ఇరుక్కుపోయినా ఆ అంకె పెరుగుతుంది. దాని పక్కన ఇంకో మూడు చూడాలి: ఎందరు పూర్తి చేశారు, ఏ గడి దగ్గర వదిలేశారు, ఒకే తప్పు సందేశం ఒకే మనిషికి ఎన్నిసార్లు కనబడింది. నా మటుకు ఈ మూడోదే అసలు సంగతి బయటపెడుతుంది.

ఫోన్ నంబరు గడినే తీసుకుందాం. అంకెల మధ్య ఖాళీ వదిలితే 'చెల్లని నంబరు' అంటుంది. ఆ ఖాళీని తీసేయడం ప్రోగ్రాముకు ఒక్క లైను పని; మనిషేమో తప్పు తనదేనేమో అనుకుని మళ్లీ మళ్లీ కొడతాడు. ఆపైన సబ్మిట్ నొక్కగానే రాసిందంతా చెరిగిపోయి, 'అయ్యో, ఏదో పొరపాటు జరిగింది!' అంటూ ఏడుపు ముఖం బొమ్మ వస్తే పుండు మీద కారమే. ఆ అయ్యో బదులు, టైప్ చేసింది పోకుండా ఉంచి, ఏం మార్చాలో ఆ గడి కిందే రాస్తే చాలు.

తియ్యటి మాటకు బలం లేదని కాదు. 1966 నాటి ఎలైజా, మనిషితో సంభాషించే కంప్యూటర్ ప్రోగ్రాం, మనిషి అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. దానికి అర్థమయ్యేది సున్నా. అయినా జనం దానితో మనసు విప్పి మాట్లాడటం చూసి, తయారుచేసిన వైజెన్‌బామే కలవరపడ్డాడు.

వేచి ఉండటానికి పాత కొలతలే ఇప్పటికీ పనికొస్తాయి: 0.1 సెకనులో స్పందిస్తే వెంటనే జరిగినట్టుంటుంది, 1 సెకను దాటితే ఆలోచన తెగుతుంది, 10 దాటితే ధ్యాస వేరేచోటికి పోతుంది. సెషన్ గడువు, అంటే పేజీ మనకోసం తెరిచి ఉంచే సమయం, ముగిసే ముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లివ్వాలని వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన వెబ్ సౌలభ్య ప్రమాణాలే చెబుతున్నాయి. పెద్దవాళ్లకు అదీ చాలదనిపిస్తుంది.

ఫారాన్ని వాడించి చూసే పరీక్షకు ఐదుగురు చాలు. 'నచ్చిందా?' అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. ఒక పని అప్పగించి, అనుకుంటున్నది పైకి చెప్పమని, సాయం చేయకుండా కూర్చోవాలి. నోరు మూసుకోవడమే ఇందులో కష్టమైన భాగం.

రేపు ముందు ఆ ఖాళీ సంగతి. సరిచేశాక సగటు సమయం పడిపోవచ్చు, ఆ గీత చూసి ఎవరో ఒకరు కంగారు పడతారు. పూర్తయిన దరఖాస్తుల గీతను కూడా అదే గ్రాఫులో పెట్టాలి.