తహకూబ్

మే 1, మహారాష్ట్ర దినం. పొద్దుగాల బడికాడ జెండా లేసింది. పదకొండింటికి పంచాయతీ ముంగట గ్రామసభ. నేను పోయేసరికి జంపకాన పరిచి ఉన్నది. దాని మీద ఒక కుక్క పండుకున్నది, పక్కన నలుగురం మనుషులం. గ్రామసేవక్, అంటే పంచాయతీ కార్యదర్శి, గడియారం జూసి రిజిస్టర్ల ఒక్క మాట రాసిండు: తహకూబ్.

వాయిదా అన్నమాట. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాల ఒక ఊరు. బాసర పోయే బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడవాలె. మా దగ్గర గ్రామసభకు ఓటర్లల్ల నూటికి పదిహేను మందో, నూరు మందో, ఏది తక్కువైతే అంతమంది రావాలె. మాకు పదకొండొందల పైన ఓట్లున్నయ్, అంటే నూరు మంది. రాకపోతే తహకూబ్. వాయిదా పడ్డ సభ మళ్ల పెట్టినప్పుడు మాత్రం అవే విషయాలకు ఆ లెక్క అక్కర లేదు. ఆరుగురు కూసున్నా ఠరావు, అంటే తీర్మానం, పాసయితది. ఘర్కుల్ అనే సర్కారు ఇండ్ల జాబితా, ఆర్థిక సంఘం పైసల ప్లాను, అన్నీ ఆ ఆరుగురి ముంగటే అయిపోతయ్. జనం రాకుంటేనే కొందరికి సుఖం. ఈ చిన్న కిటుకు అర్థం చేసుకోవడానికి నాకు ఏడేండ్లు పట్టింది. చెప్పుకోవడానికి సిగ్గే.

గోదావరి మీది బాభళి బ్యారేజీ గేట్లు ఎప్పుడు ఎత్తుతరో మా ఊర్ల ఏ పిల్లగానిని అడిగినా జెప్తడు, జులై 1 అని. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరిల ఇచ్చిన తీర్పు, అక్టోబరు 28 దాకా గేట్లు తెరిచే ఉండాలె. గోదావరి తారీఖులు నోటికి వస్తయ్. గ్రామసభ ఏనాడని అడిగితే మాత్రం మొఖాలు జూసుకుంటరు.

ఓట్లప్పుడు ఇట్ల ఉండదు. 2024 ఏప్రిల్ 26న లోక్‌సభకు వేసినం. గెలిచిన ఎంపీ ఆగస్టుల పోయిండు, నవంబరు 20న ఒక్క దినమే రెండు ఓట్లు వేసినం, ఒకటి విధానసభకు, ఒకటి ఉపఎన్నికకు. ఆ నెలల్ల మా చావడి ముంగట జీపులు ఆగని రోజు లేదు. జడ్పీ సంగతి ఇంకో తీరు. 2022ల గడువు తీరింది, ఆ తర్వాత ఓట్లు లేక సర్కారు పెట్టిన ప్రశాసకుడే నడిపిండు. మా గటానికి, అంటే జడ్పీ నియోజకవర్గానికి, సభ్యుడు ఎవడంటే చెప్పేటోడు లేకుండ ఏండ్లు నడిచినయ్.

మధ్యల ఊపులు కూడ వచ్చినయ్. 2018ల తెలంగాణల రైతుబంధు మొదలై ఎకరానికి సీజన్‌కు 4,000 ఇస్తున్నరని తెలిసినంక, మా తాలూకా ఊళ్లు కొన్ని మమ్మల్ని తెలంగాణల కలపుండ్రి అన్నయ్. 2023 ఫిబ్రవరి 5న నాందేడ్‌ల కేసీఆర్ సభకు నేనూ పోయిన, అబద్ధమెందుకు. జీపుల ఇరవై మందిమి, మస్తు ఉషారు. ఆ యేడు చివర్ల అవతల తెలంగాణ ఓట్ల ఫలితం వచ్చింది, కేసీఆర్ ఓడిండు, మా దిక్కు జెండాలు దిగినయ్. జీపు వచ్చుడు, పోవుడు మాకు అలవాటే. ఆ ఇరవై మందిల ఎంతమంది మర్నాడు నాతోని తహసీల్ ఆఫీసుకు వచ్చిన్రు అంటే, ఒక్కడు.

కాయితాల్ల పేర్లు సరిచేయించుడు, ఆ పనే మా అసలు పని. నా దగ్గర ఒక రెండొందల పేజీల నోటుబుక్కు ఉన్నది. ఇంటికొక పేజీ. పేజీల మూడు గడులు: ఆధార్ల పేరు ఎట్లున్నది, భూమి కాయితం సాత్‌బారాల ఎట్లున్నది, బ్యాంకు పుస్తకంల ఎట్లున్నది. మనం ఇంటిపేరు ముందు జెప్తం. మరాఠీ కాయితాల్ల ముందు మనిషి పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. భూమి లెక్కలు రాసే పాత తలాఠీ ఎవరో మా వాళ్లు జెప్పింది జెప్పినట్టు రాసిండు, ఇంటిపేరే మనిషి పేరయిపోయింది. వాన ఎక్కువై సోయాబీన్ మునిగి పంచనామా అయినప్పుడు, మా చిన్నమ్మకు పైసలు రాలేదు. మూడు కాయితాల్ల ముగ్గురు వేరువేరు ఆడోళ్లు ఉన్నట్టున్నది మరి. అది సరిచేయ రెండు వర్షాకాలాలు పట్టింది. ఓటరు లిస్టుల గూడ అదే తప్పు. ఫారం 8 నింపుడు నాకు నిద్రల గూడ వస్తది.

ఆదివారం సాయంత్రం హనుమాన్ గుడి అరుగు మీద కూసుంట. వచ్చిన నోటీసు మరాఠీల ఉంటది, నేను తెలుగుల జెప్త. ముసలోళ్లకు మరాఠీ మాట వస్తది గని చదువ రాదు. నాకు మరాఠీ బడిల వచ్చింది, తెలుగు అక్షరం మాత్రం బాసర బస్సుల బోర్డులు జూసి నేర్చుకున్న. అందుకే నా తెలుగుల తప్పులుంటే మన్నించుండ్రి.

నిరుడు కడుపు ఆపరేషనై నిజామాబాద్‌ల, తర్వాత ఇంట్ల, మొత్తం రెండు నెలలు పడుకున్న. లేచి అరుగు మీదికి పోయినంక తెలిసింది, ఆ రెండు నెలలల్ల ఒక్క పేజీ నిండలేదు. నోటుబుక్కు మా ఇంట్లనే, దేవుని అర్రల, నేను పెట్టినకాడనే ఉన్నది. ఎవరూ అడగలేదు, మా వాళ్లు ఇయ్యలేదు. ఒకాయన ఫేర్‌ఫార్, అంటే భూమి పేరు మార్పు, మీద అభ్యంతరం చెప్పే గడువు దాటిపోయింది. “నువ్వు లేవు గదా కాకా” అన్నడు, తప్పు నాదే అయినట్టు. ఆ రాత్రి కోపమొచ్చింది. తెల్లారి ఆలోచిస్తే, ఆయన అన్నదే నిజం. తొమ్మిదేండ్లు నేను ఊరిని కలిపిన అనుకున్న. కాయితం నా ఒక్కని చేతిలనే పెట్టుకున్న. ఓట్లప్పుడు జీపుల వచ్చేటోడు, నేను, ఇద్దరం ఒక్క తీరే.

పెద్దోళ్లకు ఇప్పుడు మరాఠీ చదువు నేర్పలేను. పదకొండు, పన్నెండు చదివే ఆడపిల్లలున్నరు, మరాఠీ మంచినీళ్ల లెక్క చదువుతరు. బచత్ గట్, అంటే పొదుపు సంఘం, ఆడోళ్లను అడిగితే నలుగురిని పంపిన్రు. తల్లులే ముందు వెనుకాడిన్రు, “అరుగు మీద మొగోళ్ల నడుమ ఎందుకు బావా” అని. సరే, అరుగు వద్దని బచత్ గట్ కూసునే ఇంట్లకే మార్చినం. నోటుబుక్కు గూడ అక్కడికే పోయింది. దాన్ని ఇచ్చేటప్పుడు నా చెయ్యి కొంచెం ఆగింది.

అక్టోబరు 2 గ్రామసభకు ముందుగాల మహిళాసభ పెట్టాలె, చట్టంల ఉన్నది. ఎన్నడూ కాయితం మీదనే అయ్యేది. ఈసారి నిజంగనే కూసున్నరు. మర్నాడు గ్రామసభకు సంతకాలు, వేలిముద్రలు లెక్కబెడితే 87. పదమూడు తక్కువ. గ్రామసేవక్ మళ్ల అదే మాట రాసిండు. నాకు నీరసమొచ్చింది. ఒక పిల్ల మాత్రం “మళ్ల సభ ఏ తారీఖు? ఇప్పుడే జెప్పుండ్రి” అని నిలబడ్డది. తారీఖు జెప్పక తప్పలేదు. చావడి గోడ మీద మరాఠీల తను రాసింది, కింద తెలుగుల నేను రాసిన. “ఈ అక్షరం ఏంది పెదనాన్నా, జిలేబీ లెక్కున్నది” అని నవ్వింది.

ఆ రోజుకు 64 మంది వచ్చిన్రు, రాకున్నా నడిచే సభకు. గ్రామసేవక్ ఘర్కుల్ జాబితా పాస్ అన్నట్టు పేజీ తిప్పబోయిండు. వెనుకనుంచి ఒక ముసలమ్మ, “ఆగు బిడ్డా, మొదటి పేరు కాంచి చదువు” అన్నది. ఆయన చదువుతుంటే పిల్ల తెలుగుల జెప్తున్నది. మూడో పేరు రాంగనే ముసలమ్మ మళ్ల లేచింది.

“ఆయన సచ్చి నాలుగేండ్లాయె. దినాలకు నువ్వే వచ్చి తిని పోతివి గద!”