నోటీసులో నాది రెండో నంబరు

నిన్ననే తీర్పు కాపీ చేతికొచ్చింది. కడుపులో మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మా అబ్బాయి నా కారు తీసుకెళ్లి మలుపులో ఒక బైకును గుద్దాడు. బైకు నడిపేయనకు కాలు విరిగింది. తప్పు మావాడిదే, అందులో నాకు వాదన లేదు. ప్రమాదం జరిగిన ఎనిమిదో నెలలో మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ నుంచి నోటీసు వచ్చింది. నడిపినందుకు వాడు ఒకటో ప్రతివాది, కారు నా పేరున ఉన్నందుకు నేను రెండు, ఇన్సూరెన్స్ కంపెనీ మూడు.

ఏటా ప్రీమియం కడుతున్నాం కదా, వాళ్లే చూసుకుంటారులే అని మొదటి వాయిదాకు వెళ్లలేదు. నన్ను ఎక్స్‌పార్టీ చేసేశారు, అంటే నేను లేకుండానే కేసు నడిపించేస్తామని. అది తీయించుకోవడానికి ఇంకో పిటిషన్. వకాలత్ (మన తరఫున వాదించమని లాయరుకిచ్చే కాగితం), కౌంటర్ (కోర్టుకిచ్చే మన జవాబు) లాయరుగారు చూసుకున్నారు, నేను సంతకాలు పెట్టానంతే.

ఆ తరవాత ఇన్సూరెన్స్ కంపెనీ కౌంటర్ చదివి నోట మాట రాలేదు. డ్రైవరుకు లైసెన్సు లేదట, తెలిసే నేను కారిచ్చానట, పాలసీ షరతు తప్పానట. "వాళ్లు మన పక్క కుర్చీలో కూర్చుంటారు గానీ మనవాళ్లు కాదమ్మా. బాధితుడికి కట్టినా తరవాత మీ దగ్గర వసూలు చేసుకుంటామంటారు" అన్నారు మా లాయరుగారు.

మావాడికి లైసెన్సు ప్రమాదానికి పంతొమ్మిది రోజుల ముందే వచ్చింది. కానీ కారు డాష్‌బోర్డులో పాత ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) కాగితం ఉండిపోయింది. పోలీసులు ఛార్జిషీటులో ఆ నంబరే రాశారు. మేమెవరం చూసుకోలేదు.

నన్ను బోనెక్కించారు. కంపెనీ లాయరు నా తమ్ముడి వయసువాడు.

"కారు తాళాలు ఎక్కడ పెడతారమ్మా?"

"టీవీ పక్కన కొక్కానికి."

"అంటే ఎవరైనా తీసుకోవచ్చు."

"ఇంట్లోవాళ్లు తీసుకుంటారు" అన్నాను.

"అబ్బాయి అడిగి తీసుకెళ్లాడా?"

"ఊళ్లో లేనండీ, పెళ్లికెళ్లాను."

వెనక ఎవరో నవ్వారు. కొడుకును గాలికొదిలేసిన తల్లినని కోర్టు మొత్తానికి తెలిసిపోయినట్టు అనిపించింది. మరోపక్క టైపిస్టు "నాకు తెలిసే లైసెన్సు లేనివాడికి కారిచ్చాననడం వాస్తవం కాదు" అని కొట్టుకుంటూ పోతున్నాడు. ఆ వాక్యం నా నోటినుంచి రాలేదు, కానీ కింద సంతకం నాది. అడిగినదానికి అవును, కాదు అని చెప్పి ఊరుకోండి. పెళ్లి సంగతి ఎవరడిగారు నన్ను?

రవాణా ఆఫీసు నుంచి లైసెన్సు రికార్డు తెప్పించడానికి నాలుగుసార్లు తిరిగాను. అక్కడి గుమస్తా సీటులో కన్నా టీ బండి దగ్గరే ఎక్కువ దొరికాడు. ఆ రికార్డే మమ్మల్ని గట్టెక్కించింది. షరతు తప్పారని నిరూపించాల్సింది కంపెనీయేనని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులోనే చెప్పిందట. మా లాయరుగారు అదీ చదివారు. డబ్బు కంపెనీయే కట్టాలి, నా దగ్గర వసూలు చేసుకోకూడదు అని తీర్పు.

నోటీసు రాగానే కాపీ ఒకటి కంపెనీకిచ్చి ముద్ర వేయించుకోండి. ఛార్జిషీటులో లైసెన్సు నంబరు మీ కళ్లతో చూసుకోండి.

మావాడి మీద క్రిమినల్ కేసు వేరే నడుస్తోంది. వచ్చే నెల వాయిదా. తాళాలు ఇప్పుడు నా హ్యాండ్‌బ్యాగులో ఉంటున్నాయి.