ఐఈఎస్ కొట్టాను: నన్ను ముంచి తేల్చిన సర్వీసుల ప్రశ్న

ఐఈఎస్, అంటే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ లిస్టులో పేరు చూసుకుని నాలుగు రోజులైంది. ఎలా చదివావని అడుగుతున్న వాళ్లందరికీ ఒకేసారి రాస్తున్నా.

మైక్రో, మ్యాక్రో, స్టాటిస్టిక్స్ మీరు చదివేవే నేనూ చదివాను. పాత పేపర్లు రెండుసార్లు రాశాను. అక్కడ కొత్తగా చెప్పేదేం లేదు.

రెండో అటెంప్ట్ పోయాక ఒక మాక్ టెస్టులో, ట్రాన్సిషన్ ఎకానమీల్లో (ప్రభుత్వ ప్రణాళిక వదిలి మార్కెట్ వైపు మళ్లిన దేశాల్లో) బ్యాంకులు, రవాణా లాంటి సర్వీసుల రంగం ప్రొడక్టివిటీని పెంచిందా అని అడిగారు. ఎగిరి గంతేశా. అమెరికన్ ఎకనామిస్ట్ బామోల్ 1967 మోడల్ మొత్తం దించేశా: సర్వీసుల్లో ప్రొడక్టివిటీ పెరగదు, కాబట్టి వాటి వాటా పెరిగితే దేశం మొత్తం నెమ్మదిస్తుంది. 15కి 4 వచ్చాయి. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ఒకే మాట: ‘ఇన్‌పుట్?’ దిద్దినాయనకి సబ్జెక్టు రాదని రెండు రోజులు తిట్టుకున్నా.

మా నాన్న మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తా. ఆ వారం ఇంటికెళ్తే మిల్లు ఆగి ఉంది. మెషీన్ బాగానే ఉంది, గోడౌన్ నిండా బస్తాలే. లారీలు రాలేదు, అంతే. ఆ ఎర్ర ఇంకు అప్పుడు గుర్తొచ్చింది. లారీ, బ్యాంకు, ఫోను కూడా వడ్లలాగే మిల్లుకి ఇన్‌పుట్లు!

తిరిగొచ్చి చెక్ రిపబ్లిక్‌ని పట్టుకున్నా. అదీ ఒకప్పటి కమ్యూనిస్టు దేశమే, ట్రాన్సిషన్ ఎకానమీయే. సోవియట్ పద్ధతి లెక్కల్లో చదువు, వైద్యం, బ్యాంకింగ్ ‘ఉత్పాదకం కాని’ పనులు, జాతీయాదాయంలో చేరవు. ఆ చూపు మారాక చెక్ ప్రభుత్వం పెద్ద బ్యాంకుల్ని విదేశీయులకు అమ్మింది. 2000లో చెస్కా స్పోర్జిటెల్నా ఆస్ట్రియా ఎర్‌స్టెకి, మరుసటి ఏడు కొమెర్చ్‌నీ బాంకా ఫ్రాన్స్ సొసియెతే జెనెరాల్‌కి వెళ్లాయి. ఆర్నాల్డ్, జావోర్చిక్, మాటూ 2011 పేపర్ చెప్పేది ఇదే: సర్వీసుల్లోకి విదేశీ కంపెనీలను రానిచ్చాక, ఆ సర్వీసుల మీద ఎక్కువగా ఆధారపడే ఫ్యాక్టరీల ప్రొడక్టివిటీ పెరిగింది. బామోల్ తప్పని కాదు, నేను రాసింది సగం జవాబు. మీరూ మోడల్ గుర్తుకురాగానే పెన్ను పరిగెత్తించకండి.

ఉద్యోగం మానేసి మూడేళ్లు ఖాళీగా కూర్చున్నాడన్న బంధువులకి కూడా ఒక మాట. ఖాళీగా కూర్చోలేదు. పండక్కీ పెళ్లికీ పుస్తకం వెంటే ఉంది. క్రమశిక్షణ అంటే పొద్దున్నే లేవడం కాదండీ, తప్పు రాసిన పేపర్ని మళ్లీ తెరిచి చూడగలగడం. నాకు దానికే రెండు రోజులు పట్టింది.

వైవాకి ముందు రాత్రి చెక్ బ్యాంకులన్నీ వల్లె వేసుకున్నా. వాళ్లు అడిగింది మిర్యాలగూడ బియ్యం గురించి.