మేడ మీద గుండుమల్లె: కత్తెర నుంచి మొగ్గ దాకా

"మొక్క పచ్చగా, గుబురుగా ఉంది, మొగ్గ మాత్రం లేదు." హైదరాబాద్‌లో మల్లెకుండీ ఉన్న ఇళ్ళలో నేను తరచుగా వినే మాట ఇదే. చలికాలంలో కత్తెర పడకపోతే అంతే. మల్లె కొత్త చిగురు కొసనే మొగ్గ వేస్తుంది. ఇక రోజుకు ఐదారు గంటల ఎండ లేని బాల్కనీ అయితే ఏం చేసినా ఆకులే.

డిసెంబరు మొదట్లో నీళ్ళు తగ్గిస్తాను. పొలంలో పూర్తిగా ఆపేస్తారు గానీ, కుండీలో అలా చేస్తే వేరు ఎండిపోతుంది. నాలుగైదు రోజులకోసారి ఒక చెంబు చాలు. ఆకు వాడి కొంత రాలాక మిగిలింది చేత్తో దూసేస్తాను. కత్తిరింపు సంక్రాంతి లోపే. మట్టి నుంచి అడుగు ఎత్తు ఉంచి, కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కోస్తాను. ఎండుపుల్లలు, లోపలికి పెరిగిన కొమ్మలు మొదలంటా తీసేయాలి. మొక్క మోడులా కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. లావు కోతల మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందును ముద్దగా రాస్తే తెగులు లోపలికి దిగదు.

తర్వాత పై మట్టి రెండు అంగుళాలు తీసేసి, 16 అంగుళాల కుండీకి మూడు గుప్పెళ్ళు మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, ఒక చెంచా సూపర్ ఫాస్ఫేట్, అర చెంచా పొటాష్ కలిపి నింపి, నీళ్ళు మళ్ళీ మామూలుగా పోస్తాను. యూరియా జోలికి పోను. ఆకు బలుస్తుంది, పూత తగ్గుతుంది.

ఫిబ్రవరిలో చిగుళ్ళు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. మన కాలనీల్లో చాలా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. దీనికి గుడ్డుపెంకులు, బూడిద వేసేవాళ్ళున్నారు. అవి సున్నాన్ని ఇంకా పెంచుతాయి. లీటరు నీళ్ళలో ముందు గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే లవణం) కరిగించి, సాయంత్రం పూట వారానికోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే ఆకు తేరుకుంటుంది. ఆ నీళ్ళు టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు, కింద గోనెపట్టా పరచండి.

మార్చిలో మొగ్గ కనిపించాక రోజూ చూడాలి. మొగ్గకు రంధ్రం, గూడు ఉంటే పురుగు. ఊదారంగుకు తిరిగి విచ్చకుండానే రాలితే మొగ్గ ఈగ. దాని పిల్లపురుగు మట్టిలోనే కోశస్థ దశకు (ఈగగా మారే ముందు గూడులో ఉండే దశ) వెళ్తుంది కాబట్టి రాలిన మొగ్గల్ని కుండీలో వదలకూడదు, పై మట్టిని గుల్ల చేస్తుండాలి. రెంటికీ లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు. ఏప్రిల్, మే ఎండల్లో ఆకు అడుగున ఎర్రనల్లి చేరితే ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కడిగి చూస్తాను, చాలాసార్లు అదే సరిపోతుంది.

పూత ఒక విడత అయిపోగానే పూసిన కొసను రెండు కణుపుల కిందికి తుంచితే మళ్ళీ చిగురేసి మొగ్గ పెడుతుంది. జూన్‌లో వానలు మొదలయ్యే లోపు కుండీ అడుగు రంధ్రంలో పుల్ల పెట్టి చూడండి; నీళ్ళు నిలిస్తే మల్లెవేరు తట్టుకోదు.