దున్న వేటకు బుల్లెట్ ఎంచుకున్న విధం: నా అనుభవం

ఉద్యోగరీత్యా జోహన్నెస్‌బర్గ్ వచ్చి పన్నెండేళ్లయింది. మన దేశంలో 1972 చట్టంతో వేట ముగిసిపోయింది. ఇక్కడ పర్మిట్ ఉండి, ప్రొఫెషనల్ హంటర్ వెంట ఉంటే వేటాడవచ్చు. ఇంపాలా, కూడూ జింకలను కొట్టిన అనుభవం నాకుంది. పోయిన చలికాలం (ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా) ఉత్తరాన ఉన్న లింపోపో రాష్ట్రంలో ఒక ముసలి అడవి దున్నను (కేప్ బఫెలో) వేటాడే అవకాశం కుదిరింది. అది ఖరారైన రోజు నుంచి ఐదు నెలల పాటు నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఒక్కటే: ఏ బుల్లెట్?

మనం తూటా అనేది మొత్తాన్ని కలిపి. దాని కొసన ఉండి, జంతువు ఒంట్లోకి దూసుకెళ్లే లోహపు ముక్కే బుల్లెట్. నా రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న సీజెడ్ 550, క్యాలిబర్ (తూటా సైజు) .375 హెచ్ అండ్ హెచ్. 1912లో పుట్టిన ఈ క్యాలిబర్‌ను దున్నకు కనీస అర్హతగా చూస్తారు. ఇందులో దున్నకు వాడే బుల్లెట్ బరువు మామూలుగా 300 గ్రెయిన్లు. మన పాత లెక్కలో తులానికి 180 గ్రెయిన్లు కాబట్టి, తులంన్నర పైచిలుకు. సెకనుకు దాదాపు 760 మీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ తులంన్నర లోహం ఏడు వందల కిలోల మృగం తోలు, జబ్బ ఎముక దాటి గుండె దాకా చేరాలి. చేరకపోతే గాయపడిన దున్న పొదల్లోకి వెళ్లి బాధతో పొంచి నిలబడుతుంది. దాని వెనకాల ట్రాకర్ (అడుగుజాడలు పట్టే మనిషి) నడవాలి. నా టెన్షన్ అంతా అదే.

మొదట దుకాణంలో చవకగా దొరికిన సాఫ్ట్ బుల్లెట్ల పెట్టె ఒకటి కొన్నాను. సీసం మీద పల్చటి రాగి తొడుగు, అంతే. గురి బ్రహ్మాండంగా కుదిరింది, మూడు రంధ్రాలూ దాదాపు ఒకదాన్నొకటి తాకాయి. ఇక చాలనుకున్నాను. మా పీహెచ్ (ప్రొఫెషనల్ హంటర్) అరవై దాటిన మనిషి. ఇక్కడ పెద్దవాళ్లను ‘ఊమ్’ అని పిలుస్తారు, మనం బాబాయ్ అన్నట్టు. ఆయన ఆ పెట్టె చూసి, “కాగితానికి రంధ్రం పెట్టడం వేరు నాయనా, దాన్ని తడి పేపర్లలో కొట్టి చూడు” అన్నారు.

పాత న్యూస్‌పేపర్లు రాత్రంతా డ్రమ్ములో నానబెట్టి, కట్టలు కట్టి, వరసగా పేర్చి ముప్ఫై మీటర్ల నుంచి కొట్టాను. కట్టలు ఒక్కొక్కటే విప్పుతుంటే రాగి తొడుగు ఒకచోట, సీసం ముక్కలు ఇంకోచోట. దొరికిన వాటిలో పెద్ద ముక్క తూస్తే 140 గ్రెయిన్లు. సగానికి పైగా దారిలోనే చెదిరిపోయింది. అరచేతిలో ఆ చిరిగిన రాగిని పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎముక తగిలితే ఇది గుండె దాకా వెళ్లేది కాదు.

తర్వాత రెండు రకాలు పరీక్షించాను. బార్న్స్ టీఎస్‌ఎక్స్‌లో సీసమే ఉండదు, మొత్తం రాగి. ముందు భాగం నాలుగు రేకులుగా విచ్చుకుని, బరువు దాదాపు పోకుండా లోతుకు వెళ్తుంది. స్విఫ్ట్ ఏ-ఫ్రేమ్‌లో మధ్యన రాగి అడ్డుగోడ ఉంటుంది. ముందు సగం పుట్టగొడుగులా విప్పారి ఆగుతుంది, వెనక సగం చెదరదు. పేపర్లలోంచి తీసి తూస్తే 288. రాగి బుల్లెట్ ఇంకా లోతుకు వెళ్లింది. అయినా ఏ-ఫ్రేమ్‌నే ఎంచుకున్నాను. కారణం మంద. ఒక దున్న ఒంట్లోంచి దూసుకెళ్లిన బుల్లెట్ వెనక నిలబడ్డ ఇంకోదాన్ని గాయపరిస్తే, ఆ తప్పు దిద్దుకోలేనిది.

రైఫిల్ మ్యాగజైన్‌లో (తూటాలు పేర్చే అర) కింద ఉన్న రెండూ మాత్రం సాలిడ్‌లు. అవి విచ్చుకోవు. పారిపోతున్న దున్నను వెనక నుంచి కొట్టాల్సి వస్తే ఒళ్లంతా నిలువునా చీల్చుకుంటూ ముందుకు చేరాలంటే సాలిడే కావాలి. ఇక్కడొక చిక్కు. రెండు రకాలూ ఒకే గురికి ఒకేచోట తగలాలి. మొదట కొన్న సాలిడ్‌లు యాభై మీటర్లకే అరచేయి వెడల్పు కిందికి పడ్డాయి. ఇంకో రకానికి మారాక రెండు వేళ్ల తేడాకు వచ్చింది. ఈ పరీక్ష చేయకుండా ఎవరూ అడవికి వెళ్లొద్దని నా విన్నపం.

ఆగస్టులో, మోపానే చెట్ల మధ్య, మూడో రోజు పొద్దున. కొమ్ముల మొదళ్లు నెత్తి మీద రాయిలా కలిసిపోయి, వీపంతా బురద ఎండిన ముసలిది. ఇక్కడివాళ్లు వీటిని ‘డగ్గా బాయ్’ అంటారు, డగ్గా అంటే బురద. యాభై అయిదు మీటర్లు. మూడు కర్రల స్టాండ్ మీద రైఫిల్ ఆనించాను. ముందరి కాలి వెంబడే పైకి, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. అది తిరిగి పరిగెత్తింది. వెంటనే సాలిడ్ వేశాను. ఎనభై అడుగులు వెళ్లి కూలింది. కాసేపటికి ఆ దీర్ఘమైన చావు అరుపు వినిపించింది. ఊమ్ టోపీ తీశారు, నేనూ తీశాను.

తోలు తీసేటప్పుడు ఏ-ఫ్రేమ్ అవతలి పక్క తోలు కిందే దొరికింది. ఇంటికొచ్చి తూచాను: 284. కానీ నేను అనుకున్న చోటికి నాలుగు వేళ్లు వెనకగా తగిలింది, గుండె తప్పి ఊపిరితిత్తుల్లోంచి వెళ్లింది. లోపం బుల్లెట్‌ది కాదు, నా చేతిది. వచ్చే చలికాలం లోపు కర్రల మీంచి, నిలబడి, వంద రౌండ్లు కాల్చాలని నిశ్చయించుకున్నాను. ఇప్పటికి పద్దెనిమిది అయ్యాయి.