ఆరుతడి వరి, కాలువ వంతు

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో, భూమిని వేడెక్కించే వాయువైన మీథేన్‌ను 2030కల్లా 30 శాతం తగ్గిద్దామన్న ప్రతిజ్ఞలో మన దేశం చేరలేదు. మన మీథేన్‌లో ఎక్కువ భాగం వరి మళ్ళ నుంచీ, పశువుల నుంచీ వస్తుంది. రెండెకరాల రైతు మీద ఆ బరువు వెయ్యకపోవడం నా దృష్టిలో న్యాయమే. కానీ ఆరుతడి లాంటి, రైతుకు లాభమయ్యే పని కూడా ఆగిపోతుంటే మనసు ఒప్పుకోదు.

మడిలో నీళ్ళు నిలిస్తే మట్టికి గాలాడదు, మీథేన్ అక్కడే పుడుతుంది. ఆరుతడి అంటే మడిని ఎప్పుడూ నిండా ఉంచకుండా, ఆరనిచ్చి మళ్ళీ తడపడం. దానికి కావలసింది 30 సెంటీమీటర్ల పీవీసీ పైపు ముక్క. కింది సగానికి చిల్లులు పెట్టి, 15 సెంటీమీటర్లు నేలలోకి దించి, లోపలి మట్టి తోడెయ్యాలి. పైపులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్ళీ తడి ఇవ్వాలి, 5 సెంటీమీటర్ల ఎత్తు చాలు. నాటిన మొదటి రెండు వారాలు మాత్రం నీరు ఉండాలి, లేకపోతే కలుపు లేస్తుంది. పూత దశలో ఆరబెడితే తాలు గింజలు పెరుగుతాయి. పైపును గట్టుకు మరీ ఆనించి పాతితే కొలత తప్పుతుంది. మడి చదునుగా లేకపోతే మెరక ఎండిపోతుంది, పల్లంలో నీరు అలాగే ఉంటుంది. యూరియా ఎక్కువైతే భూమిని వేడెక్కించే మరో వాయువు నైట్రస్ ఆక్సైడ్ పెరిగి, మీథేన్ తగ్గించి సాధించిన దాంట్లో కొంత పోతుంది.

అసలు చిక్కు కాలువ కింద. కాలువ నీటి వంతు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియని రైతు వచ్చిన నీటిని మడిలో నిలబెట్టుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేం. ముందు వంతుల తేదీలు ఖాయం చెయ్యాలి, పైపులు పంచడం ఆ తర్వాత.